ఆంగ్ల పట్టా - అప్పు పద్దు

గతవారం ఇక్కడి ఆంధ్రభవన్ భోజనశాలలో పల్నాటి ప్రాంతపు రైతు ఒకరు పరిచయమైనారు. కుమార్తెను వెంటబెట్టుకొని కళాశాలలు చూడడానికి రాజధానికి వచ్చారు. ఆ అమ్మాయికి ఆంగ్ల సాహిత్యం మీద మక్కువ. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో కోరిన కళాశాలలో సీటు దొరకలేదు. నగరం పొలిమేరలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం మాత్రం రమ్మంటున్నది. బ్యాంకు అప్పు సంగతి కూడా తామే చూస్తామంటున్నారట. "ఇంజనీరింగుకైతే సరే, ఇంగ్లీషు బి.ఏ.కి అప్పు చేస్తారుటండీ అని మా ఊళ్లో నవ్వుతున్నారు. మీరు లోకం చూసినవారు, ఏమంటారు?" అని ఆయన అడిగారు. భోజనం ముగిసేలోగా చెప్పదగిన సమాధానం కాదది.

ముందు లెక్క చూద్దాము. మూడేళ్ల చదువుకు ఏటా సమాన భాగాలుగా మొత్తం 4 లక్షల రూపాయలు, నూటికి 10 వడ్డీకి తెచ్చామనుకొందాము. చదువుకాలమూ, ఆపైన మరొక ఏడాదీ వాయిదాలు ఉండవు. వడ్డీ మాత్రం నిద్రపోదు. వాయిదాలు మొదలయ్యేనాటికి బాకీ 5 లక్షల 20 వేలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 6,870 రూపాయలు కట్టాలి. పదిహేనేళ్లకు సాగదీస్తే నెలకు 5,590 సరిపోతుంది. మొదటి పద్ధతిలో మొత్తం చెల్లింపు 8 లక్షల 25 వేలు కాగా, రెండవ పద్ధతిలో 10 లక్షలు దాటుతుంది. పట్టభద్రురాలికి మొదటి కొలువులో నెలకు 25 వేలు వచ్చినా, పదేళ్లపాటు ఆరంభ జీతంలో నాలుగవ వంతుకు పైగా బ్యాంకుకే పోతుందన్నమాట. ప్రైవేటు ఫీజు, వసతి ఖర్చు కలిపితే అప్పు 4 లక్షలతో ఆగదని వేరే చెప్పనవసరం లేదు.

ఇక ప్రభుత్వ సహాయం మాట. 2009 నుంచి అమలులో ఉన్న కేంద్ర వడ్డీ రాయితీ పథకం వృత్తి, సాంకేతిక విద్యలకే పరిమితం. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం కొంత మెరుగు. ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలలో సీటు వచ్చినవారికి తాకట్టు, హామీదారు లేకుండా అప్పు లభిస్తుంది. కుటుంబ వార్షికాదాయం 8 లక్షలకు మించనివారికి 10 లక్షల వరకు అప్పుపై 3 శాతం వడ్డీ తగ్గింపు ఉన్నది. అయితే ఈ తగ్గింపు ఏడాదికి లక్ష మందికే. అందులోనూ ప్రభుత్వ సంస్థలలో వృత్తి, సాంకేతిక విద్యలు ఎంచుకొన్నవారికే ప్రాధాన్యం. ఆదాయపు పన్నులో విద్యాఋణ వడ్డీకి మినహాయింపు ఉన్నదంటారు. పన్ను పడేంత ఆదాయం ఉన్నవారికి కదా ఆ మేలు! సాహిత్య విద్యార్థి మాత్రం పంక్తి చివరనే కూర్చోవలసి వస్తున్నది.

చరిత్ర చూస్తే ఇది విచిత్రమే. మెకాలే ప్రతిపాదన 1835 నాటిది. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజి ఆంగ్ల విద్య పొందినవారికి సర్కారు కొలువులలో ప్రాధాన్యం ప్రకటించాడు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వెలిశాయి. నాటి నుంచి కొన్ని తరాలపాటు ఆంగ్ల విద్యే అన్నం పెట్టే విద్య. నేడు ఆ విలువ భాషకు మిగిలింది గాని, సాహిత్య పట్టాకు మిగలలేదు. ఆంగ్లం మాట్లాడగల ఇంజనీరు ఉండగా షేక్‌స్పియరు చదివినవారిని ఎవరు పిలుస్తారు? పైగా 2022 చివరలో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత ప్రకటనల రచన, అనువాదం వంటి చిన్న కొలువులపైనా యంత్రపు నీడ పడింది. మిగిలినవి బోధన, పత్రికారంగం, పోటీ పరీక్షలు. ఇవన్నీ మరికొన్నేళ్ల చదువునో, నిరీక్షణనో కోరేవే. బ్యాంకు వాయిదా నిరీక్షించదు.

ఆంగ్లానికి పుట్టినిల్లయిన ఇంగ్లండులోనూ ఈ వ్యవహారం సజావుగా లేదు. 1998లో ఏడాదికి 1,000 పౌండ్లతో మొదలైన ఫీజు 2012లో 9,000కు, 2025లో 9,535కు చేరింది. 2022లో షెఫీల్డ్ హాలం విశ్వవిద్యాలయం ఆంగ్ల సాహిత్యపు ప్రత్యేక డిగ్రీనే నిలిపివేసింది. అయినా అక్కడ ఒక న్యాయం ఉన్నది. 2023 ఆగస్టు నుంచి చేరినవారు వార్షికాదాయం 25,000 పౌండ్లు దాటినప్పుడే, దాటిన భాగంలో 9 శాతం చెల్లిస్తారు. 40 ఏళ్లకు మిగిలిన బాకీ రద్దవుతుంది. నలభై ఏళ్లు దీర్ఘకాలమే, కాదనలేము. కాని కొలువు లేనినాడు అక్కడ వాయిదా లేదు. మన దేశంలో కొలువు ఉన్నా లేకున్నా వాయిదా తప్పదు. కట్టలేకపోతే బాకీ తండ్రి మెడకు చుట్టుకొంటుంది.

కాబట్టి సాహిత్యం చదవవద్దనడం సమాధానం కాదు. అట్లా అంటే ఆ చదువు కలవారి పిల్లల సొత్తుగా మారుతుంది. రేపటి న్యాయస్థానాలలో, పత్రికలలో, పాఠశాలలలో భాషను శాసించేవారు ఆ ఒక్క వర్గం నుంచే వస్తారు. ప్రభుత్వం చేయవలసినవి మూడు. విద్యాఋణపు వాయిదాలను ఆదాయంతో ముడిపెట్టాలి. వడ్డీ రాయితీకి విద్యార్థి పేదరికం కొలమానం కావాలి గాని, పాఠ్యవిషయం కాకూడదు. అన్నిటికంటె ముఖ్యంగా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో సీట్లు, వసతిగృహాలు పెంచాలి. అప్పు పుట్టేది సాహిత్యం వల్ల కాదు, ఆ సాహిత్యాన్ని అమ్మే చోటును బట్టి.

ఆ రైతుతోనూ ఇదే చెప్పాను. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా పుట్టి, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం హైదరాబాదులోనే ఉన్నది. అక్కడ ప్రయత్నించండి, లేదా ఇంటికి దగ్గరి ప్రభుత్వ కళాశాలలో చేర్పించండి, పొలిమేర విశ్వవిద్యాలయం కోసం మాత్రం సంతకం చేయకండి అన్నాను. ఆయన తల ఊపి లేచారు. అమ్మాయి మాత్రం, "అక్కడా సీటు రాకపోతేనండీ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు ఆంధ్రభవన్‌లో లేరు. విద్యా మంత్రిత్వశాఖలో ఉన్నారు.