గాజులో వెలుగు, కారంలో నేరం

గుంటూరు మిర్చి యార్డులో ముందుగా ధర కట్టేది కన్ను. వ్యాపారి టిక్కీ బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి ఎరుపు చూస్తాడు, తొడిమ చూస్తాడు, విరిచి తేమ పట్టుకుంటాడు. తేజా రకం కానీ, సన్నం రకం కానీ, రంగు తప్పిందంటే తాలు లెక్కే. కాయకు ఎరుపునిచ్చేవి కాప్సాంథిన్ వంటి కెరోటినాయిడ్లు. వెలుతురు, వేడి, గాలిలోని ఆక్సిజన్ కలిసి వాటిని నెమ్మదిగా తినేస్తాయి. గుంటూరు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు లేవడానికి ఇదీ ఒక కారణం.

వెలిసిన సరుకు కారంగా మారే చోట దొంగరంగుకు దారి దొరుకుతుంది. 2003లో భారత్ నుంచి వచ్చిన మిర్చి ఉత్పత్తుల్లో సుడాన్ 1 ఉందని ఫ్రాన్స్ మిగతా యూరప్‌ను హెచ్చరించింది. మైనానికి, బూట్ పాలిష్‌కు వేసే రంగు అది. అదే ఏడాది అక్టోబరు నుంచి ఎగుమతి మిర్చికి సుడాన్ పరీక్షను స్పైసెస్ బోర్డు తప్పనిసరి చేసింది. అయినా 2005 ఫిబ్రవరిలో బ్రిటన్ దుకాణాల నుంచి 400కు పైగా ఆహార పదార్థాలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఒక వూస్టర్ సాస్‌లో కలిసిన కారమే అంత పని చేసింది. ఇప్పుడు పేరు మోస్తున్న మరో దొంగరంగు రోడమిన్ బి. పీచుమిఠాయిలో దాన్ని పట్టుకుని తమిళనాడు 2024 ఫిబ్రవరిలో అమ్మకాలే ఆపేసింది. మరుసటి నెలలో కర్ణాటక కూడా ఆ రంగు మీద వేటు వేసింది.

ఆహారంలో నేరమైన ఈ రోడమిన్ కుటుంబమే ప్రయోగశాలలో కాంతికి పెద్ద చుట్టం. పచ్చని కాంతి పడితే చాలు, నారింజ వన్నెలో వెలుగుతుంది. 1966లో పుట్టిన డై లేజర్లకు తర్వాతి కాలంలో రోడమిన్ 6జీ ముఖ్యమైన సరుకయింది. చిక్కల్లా ఒక్కటే: రంగును ద్రావణంలో కలిపి పంపుతో తిప్పుతూ ఉండాలి. ద్రవం కారుతుంది, ఆవిరవుతుంది, వెలుతురుకు రంగు చెడుతుంది.

గాజులో పెడితే సరిపోదా? మామూలు గాజు పద్ధతిలో కుదరదు. స్వచ్ఛమైన సిలికా కరగాలంటే 1,700 డిగ్రీల సెల్సియస్ దాటాలి. సేంద్రియ రంగు అందులో పదో వంతు నుంచి ఐదో వంతు వేడి దాటగానే మాడిపోవడం మొదలవుతుంది.

దారి సోల్–జెల్ పద్ధతి చూపింది. ఇందులో కొలిమి లేదు. టెట్రాఇథాక్సీసైలేన్ అనే ద్రవంలో నీళ్లు, ఆల్కహాల్, చిటికెడు ఆమ్లం కలిపి, రంగును కూడా అప్పుడే వేస్తారు. పాలు తోడుకున్నట్టు ఆ ద్రవం గది వేడిలోనే గట్టిపడుతుంది. ఆరితే నానోమీటర్ల కొలతలో రంధ్రాలున్న పారదర్శక సిలికా మిగులుతుంది. రంగు అణువులు ఆ రంధ్రాల్లో చిక్కుకుంటాయి. 1984లో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో డేవిడ్ అవ్నీర్, డేవిడ్ లెవీ, రెనాటా రైస్‌ఫెల్డ్ ఇలా రోడమిన్ 6జీని బంధించి, వెలుతురుకు అది మునుపటికన్నా ఎక్కువ తట్టుకుంటోందని చూపారు. చిక్కని ద్రావణంలో అణువులు ఒకదానికొకటి అతుక్కుని వెలుగు తగ్గించుకుంటాయి. సిలికా రంధ్రాల్లో విడివిడిగా ఉంటే ఆ బెడద తక్కువ.

ఆ దారిలో చాలా వచ్చాయి. ఆమ్లత్వాన్ని బట్టి, అమ్మోనియాను బట్టి రంగు మార్చే పలకలు తయారయ్యాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఉల్రిక్ వీస్నర్ బృందం రంగును 10 నానోమీటర్ల లోపు సిలికా రేణువుల్లో పెట్టింది. క్యాన్సర్ కణుతులను చూపడానికి వాటిని మనుషుల్లో పరీక్షించేందుకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2011లో అనుమతించింది. ఇంత దూరం పోనక్కర్లేదు. తేమను చూపే నారింజ రంగు సిలికా జెల్ గుళికల్లో మిథైల్ వయొలెట్ అనే సేంద్రియ రంగు వాడుతారు. తేమ తాగితే అవి ఆకుపచ్చకు తిరుగుతాయి.

లోపాలూ ఉన్నాయి. తొందరగా ఆరబెడితే జెల్ పగుళ్లిస్తుంది. తడి తగిలితే రంగు కొంత బయటికి కారవచ్చు. రంధ్రాలు మరీ సన్నగా ఉంటే సెన్సార్ ఆలస్యంగా పలుకుతుంది.

గుంటూరు, ప్రకాశం మైదానాలకు దీంతో పనేమిటంటే, ఉంది. గ్లాసు నీళ్లలో కారం చల్లి చూసే వంటింటి పరీక్ష నీటిలో కరిగే రంగులనే చూపుతుంది. నూనెలో కరిగే సుడాన్ అక్కడ దొరకదు. దానికి ప్రయోగశాల కావాలి. రోడమిన్ మాత్రం తానే వెలుగుతుంది కాబట్టి పచ్చ ఎల్‌ఈడీ, ఒక ఫిల్టరు, ఒక డిటెక్టరుతో చిన్న పరికరం కట్టవచ్చు. ఆ పరికరం సరిగ్గా కొలుస్తోందో లేదో చూసుకోవడానికి, ఎంత వెలగాలో ముందే తెలిసిన రోడమిన్ గాజు పలక ప్రమాణంగా పనికొస్తుంది. దొంగను పట్టడానికి వాడి దాయాదినే కాపలా పెట్టినట్టవుతుంది.

కల్తీ జరిగేది ఎక్కువగా పొడిలో; రైతు యార్డుకు తెచ్చేది కాయ. పేరు చెడితే మాత్రం నష్టం రైతు ధరలోనూ కనిపిస్తుంది. ఎగుమతి సరుకుకు ఉన్న పరీక్ష మన ఊరి కిరాణా కొట్లో విడిగా అమ్మే కారానికి కూడా ఉండాలి. నాగార్జున విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగ్ కాలేజీల దాకా ఇక్కడి రసాయన, భౌతిక శాస్త్ర విభాగాలు ఈ పరికరాన్ని విద్యార్థుల ప్రాజెక్టుగా తీసుకోవాలి. ఆహార భద్రత అధికారులు దాన్ని కారం మిల్లుల దగ్గర పరీక్షించి చూడాలి.