గుంత పడలేదు, వదిలేశారు

'రోడ్డు మీద గుంత పడింది' అంటాం, 'వాన పడింది' అన్నట్టే. రెండింటికీ ఒకటే క్రియ. రెండింట్లోనూ చేసినవాడు కనపడడు. వాన విషయంలో అది న్యాయమే. గుంత విషయంలో నాకు అభ్యంతరం ఉంది.

ఈ వానాకాలంలో ఒక రాత్రి, హైదరాబాదులో, ఆఫీసు నుంచి ఇంటికొస్తుంటే నా కారు ముందు ఎడమ చక్రం గుంతలో దిగింది. వేగం 35 దాటలేదు. నీళ్లు నిండిన గుంత వీధి దీపం కింద మామూలు రోడ్డులాగే మెరుస్తోంది. ధడేల్‌మని చప్పుడు, స్టీరింగ్ ఒక పక్కకి లాగేసింది. దిగి చూస్తే అల్లాయ్ రిమ్ అంచు లోపలికి వంగిపోయింది, టైరులో గాలి లేదు.

అక్కడ టిఫిన్ బండి నడిపే ఆవిడ, "గీడ రోజూ గిదే కథ అన్నా" అంది. పైపు కోసం తవ్వారట. మట్టి కప్పేసి, పైన కాస్త కంకర పోసి వెళ్లిపోయారట. దిమ్మిస కొట్టని మట్టిలోకి నీళ్లు దిగితే అది కుంగుతుంది. దానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, పెరట్లో మొక్క నాటినవాళ్లెవరికైనా తెలుసు.

నేను జాకీ వేసి స్టెప్నీ మారుస్తుంటే స్కూటీ మీద ఒక జంట వచ్చింది. ఆమె ఒళ్లో పాప. ఆగి ఉన్న నా కారుని చూసి పక్కకి తిప్పుకుని వెళ్లారు. ఆ అరగంటా ఆ గుంతకి నా కారే అడ్డు. అది అక్కడ ఉండబట్టే ఎవరూ పడలేదు. చక్రం బిగించుకుని నేను వెళ్లిపోయాను. అద్దంలో చూస్తే ఆవిడ ఒక చెట్టు కొమ్మ తెచ్చి, దానికి ఎర్ర గుడ్డ కట్టి గుంతలో పాతుతోంది. జీతం తీసుకునేవాళ్లు చేయాల్సిన పని ఆవిడ చేసింది. పన్ను కట్టానన్న ధీమాతో నేను ఇంటికెళ్లి పడుకున్నాను.

మర్నాడు మెకానిక్ టైరు తిప్పి చూపించాడు. "సైడ్‌వాల్ ఉబ్బింది సార్. పంచర్ కాదిది, నడుస్తుంటే పేల్తది." గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య టైరు నలిగినప్పుడు లోపలి దారాలు తెగిపోతాయి. అక్కడ గాలి బుడగలా ఉబ్బుతుంది. దానికి అతుకు వేయరు, టైరు మార్చాల్సిందే. ఇనుప రిమ్ అయితే కొట్టి సరిచేస్తారు. అల్లాయ్‌ని కొడితే పగలొచ్చు. టైరు, రిమ్, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అన్నీ కలిపి 18,500. "వానొచ్చిందంటే ఇసొంటివి రోజుకు మూడు నాలుగొస్తయ్ సార్." అన్నీ ఆ గుంతవేనా అని అడిగాను. "ఒక్కటా సార్!" అని నవ్వాడు.

బీమా ఉంది కదా అన్నారు మిత్రులు. మామూలు సమగ్ర పాలసీలో టైరు ఒక్కటే పోతే పైసా రాదు. దానితో పాటు బండికీ దెబ్బ తగిలితేనే ఇస్తారు, అదీ కొత్త టైరు ఖర్చులో సగమే. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. లెక్క వేసుకుని నోరు మూసుకున్నాను. నాలాగే మెకానిక్ దగ్గరికొచ్చిన వాళ్లందరూ ఇదే లెక్క వేసుకుని ఉంటారు. అలా ఒక ప్రభుత్వ వైఫల్యం కొన్ని వందల ప్రైవేటు బిల్లులుగా చీలిపోయి మాయమవుతుంది.

"కార్లున్నోళ్ల ఏడుపు" అంటారని తెలుసు. అనండి. నా దగ్గర గుంత తీసుకున్నది ఒక చక్రం. అదే గుంత రెండు చక్రాల వాడి దగ్గర భుజం ఎముక తీసుకుంటుంది, తల తీసుకుంటుంది. 2013 నుంచి 2017 దాకా దేశంలో గుంతల వల్ల 14,926 మంది చనిపోయారన్న లెక్క చూసి, 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇది ఒప్పుకోలేని సంగతి అంది. ఉగ్రవాదుల చేతుల్లో పోయిన వారికంటే బహుశా వీళ్లే ఎక్కువని కూడా అంది.

మరి చట్టం? మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 198ఏ అనే సెక్షన్ వచ్చింది. రోడ్డు కట్టినవాళ్లు, చూసుకోవాల్సినవాళ్లు ప్రమాణాలు పాటించకపోతే జరిమానా, గరిష్ఠంగా లక్ష రూపాయలు. కానీ ఆ తప్పు వల్ల మనిషి చనిపోవాలి, లేదా అంగవైకల్యం రావాలి. అప్పుడే అది వర్తిస్తుంది. 2025 అక్టోబరులో బాంబే హైకోర్టు ఇంకాస్త ముందుకెళ్లింది. గుంతల వల్ల చనిపోతే కుటుంబానికి 6 లక్షలు, గాయపడితే 50 వేల నుంచి రెండున్నర లక్షల దాకా ఇవ్వాలని, ఆ సొమ్ము బాధ్యుల నుంచే రాబట్టాలని చెప్పింది. మంచి తీర్పే. అయినా లెక్క ఒంటి మీద దెబ్బ పడ్డాకే మొదలవుతోంది.

నా వాదన ఇంతే. చక్రం వంగడం హెచ్చరిక. ఆ హెచ్చరిక మెకానిక్ షెడ్లో తుక్కు కింద పోతున్నంత కాలం ఎవరూ 'మాకు తెలియదు' అనడానికి ఇబ్బంది పడరు. మనిషి పడ్డాక 'దురదృష్టకర సంఘటన' అంటారు. అప్పటికే పదిమంది చక్రాలు అక్కడ వంగాయని చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. ఆ కాగితం లేకపోవడంలో మన వాటా ఉంది. మనం గుంత ఫొటోకి మీమ్ చేస్తాం, వాట్సాప్ గ్రూపులో నవ్వుకుంటాం, బిల్లు కట్టేస్తాం. సొంత డబ్బుతో గుంతలు పూడ్చే పెద్దాయన వీడియో షేర్ చేసి చేతులు జోడిస్తాం. ఆయన్ని మెచ్చుకోవడం తప్పు కాదు. ఆయన అవసరం ఎందుకొచ్చిందని అడగకపోవడం తప్పు.

వానలు ఎక్కువయ్యాయి అంటారు. జూన్ ప్రతి ఏడాదీ వస్తుంది. నెమ్మదిగా నడపాలి అంటారు. నడుపుతాను. కానీ నీళ్ల కింద ఏముందో తెలియాలంటే నెమ్మది చాలదు, కొమ్మకి కట్టిన ఎర్ర గుడ్డ కావాలి.

పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. ఆ తవ్వకానికి అనుమతి ఎవరిచ్చారు, పూడ్చాక చూసి సంతకం పెట్టింది ఎవరు, ఆ రోడ్డు లోపాలకి కాంట్రాక్టరు బాధ్యత ఏ తేదీ దాకా ఉంది: మూడే ప్రశ్నలు. ఫొటో, తేదీ, బిల్లు కాపీలతో రాతపూర్వకంగా ఫిర్యాదూ ఇచ్చాను. నా 18,500 వెనక్కొస్తాయని కాదు. రేపు అక్కడ ఎవరైనా పడితే 'మాకు తెలియదు' అనడం కుదరకుండా ఉండాలని. మీ చక్రం వంగితే మీరూ ఇవ్వండి. బిల్లు జేబులో పెట్టుకుని ఇంటికెళ్లకండి, నేను ఆ రాత్రి వెళ్లినట్టు.

వంగిన రిమ్ముకి మెకానిక్ తుక్కు ధర ఇస్తానన్నాడు. అమ్మలేదు. బాల్కనీలో పెట్టుకున్నాను. వచ్చినవాళ్లు ఏమైందని అడుగుతారు. గుంత పడిందని చెప్పడం మానేశాను. గుంత తవ్వి వదిలేశారు అంటున్నాను. వెంటనే అందరూ అడిగే మాట ఒకటే: "ఎవరు?"

ఆ ప్రశ్న కోసమే.