సూచికపత్రం చెప్పని సంగతి: థర్‌స్టన్ సంపుటాలు, తెలుగు పరిశోధన

వియన్నా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్వర్డ్ పెర్న్‌కోఫ్ రూపొందించిన శరీరనిర్మాణ చిత్రసంపుటి తొలిభాగం 1937లో వెలువడింది. శస్త్రవైద్యులు దశాబ్దాలపాటు దానిని ప్రమాణంగా స్వీకరించారు. పెర్న్‌కోఫ్ నాజీ. మరణశిక్షకు గురైన కనీసం 1,377 మంది దేహాలు నాజీ కాలంలో ఆ విభాగానికి చేరినట్లు విశ్వవిద్యాలయమే జరిపిన విచారణ 1998లో తేల్చింది. ఆ గ్రంథమున్న గ్రంథాలయాలకు విశ్వవిద్యాలయం ఒక వివరణపత్రం పంపి, ప్రతిలో చేర్చమని కోరింది. గ్రంథాన్ని తొలగించమని కోరలేదు.

అటువంటి పత్రం తెలుగు పరిశోధకులు నిత్యం తిరగేసే మరొక గ్రంథానికీ అవసరం. అది ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సహకారంతో 1909లో ప్రకటించిన దక్షిణభారత కులాలు–తెగల ఏడు సంపుటాలు. థర్‌స్టన్ వైద్యవిద్య అభ్యసించినవాడు. 1885 నుంచి 1908 వరకు మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధిపతి. అతడిని పెర్న్‌కోఫ్‌తో ఒకే గాటన కట్టడం అన్యాయం. అయితే జ్ఞానం ఎవరి దేహం నుంచి, ఏ అధికారంతో సేకరించారన్న ప్రశ్న ఇద్దరికీ వర్తిస్తుంది.

తలలూ ముక్కులూ కొలిచే పరికరాలను చూసి జనం భయపడిన తీరును థర్‌స్టన్ స్వయంగా, కొంత వినోదంగానే నమోదు చేశాడు. తమలో మేలైనవారిని మ్యూజియం కోసం గడ్డి కూరి నిలబెడతారని వయనాడు పణియ స్త్రీలు భయపడ్డారట. నీలగిరి ఇరుళ ఒకడు ఎత్తు కొలిచే కర్రను ఉరికంబమని భావించి కొలతకు నిరాకరించాడట. ‘ఆనాటి విలువలు వేరు, వాటితోనే గ్రంథాన్ని తూచాలి’ అనే పండితులు ఈ ఇరుళను ఏ కాలానికి చెందినవాడంటారు? అభ్యంతరం కూడా ఆనాటిదే.

ఎరుకలవారి విషయం మరింత చేదు. మూడవ సంపుటంలోని ‘కొరవ’ వ్యాసానికి ముల్లాలీ వంటి పోలీసు అధికారుల రాతలు ముఖ్యమైన ఆధారం. ముల్లాలీ 1892 నాటి పుస్తకం శీర్షికలోనే ‘నేర వర్గాలు’ అన్న మాట ఉంది. 1911 నేరస్థ తెగల చట్టం తరువాత బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ ఎరుకలవారి సెటిల్‌మెంటును నడిపింది. చట్టం 1952లో రద్దయింది. వ్యాసం మాత్రం పునర్ముద్రణలు పొందుతూ వచ్చింది. యక్షగానాల ఎరుకలసానిని ముచ్చటగా పాఠం చెప్పే తెలుగు శాఖలోనే, జానపద సిద్ధాంతవ్యాసాలలో ‘థర్‌స్టన్ పేర్కొన్నట్లు’ అన్న ఒక్కమాటతో పోలీసు దస్త్రం కులచరిత్రగా మారిపోతుంది.

తిరువూరు దగ్గరి నెమలి వంటి గ్రామం నుంచి పరిశోధనకు వచ్చిన ఎరుకల విద్యార్థి ఆ పుటలు తెరిస్తే ఏమి చదువుతాడు? సూచికపత్రం అతనికి కర్త, శీర్షిక, సంవత్సరం, వర్గసంఖ్య చెబుతుంది. సమాచారం పోలీసు నుంచి వచ్చిందని చెప్పే గడి అందులో లేదు.

సంపుటాలను బీరువాలో పెట్టి తాళం వేయాలన్న వాదమూ నిలవదు. అవి అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతున్నాయి. పైగా తమపై జరిగిన అన్యాయానికి సాక్ష్యాన్ని ఆ వర్గాల పరిశోధకులకే దూరం చేసినట్లవుతుంది.

విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు చేయవలసింది చిన్న పని: కొలతల పద్ధతిని, పోలీసు ఆధారాలను, 1871, 1911, 1952 సంవత్సరాల చట్టచరిత్రను తెలిపే ఒక పుట తెలుగులో రాయించి ప్రతి సంపుటం అట్టలోపల అంటించడం, సూచికలోనూ చేర్చడం. ఆ పుటను రాయవలసింది తెలుగు శాఖలే. ‘థర్‌స్టన్ ప్రకారం’ అని రాసిన విద్యార్థిని ‘థర్‌స్టన్ ఎవరి ప్రకారం?’ అని అడగవలసింది పర్యవేక్షకులు.