బలహీనపడింది గాలే... వాన కాదు!

‘నాయనా, ఇక్కడ హరికేన్ వస్తోంది’ అంటాడు హ్యూస్టన్‌లో ఉన్న కొడుకు. ‘మాకు టైఫూన్ మామా’ అంటాడు జపాన్‌లో ఉద్యోగం చేసే అల్లుడు. నంద్యాలలో టీవీ పెడితే ‘బంగాళాఖాతంలో తుపాను’. ఇంతకీ ఈ మూడింటిలో ఏది పెద్దది?

నిజానికి మూడూ ఒకటే. వెచ్చటి సముద్రం మీద పుట్టి, ఆ నీటి ఆవిరితోనే బలం పుంజుకుని గిరగిరా తిరిగే గాలివానలు. అట్లాంటిక్‌లోనూ, అమెరికా వైపు పసిఫిక్‌లోనూ అయితే హరికేన్ అంటారు. జపాన్, ఫిలిప్పీన్స్ వైపు పసిఫిక్‌లో అయితే టైఫూన్. మన దగ్గర తుపాను. 1994లో ‘జాన్’ అనే హరికేన్ అంతర్జాతీయ దినరేఖ దాటి టైఫూన్ అయింది, వెనక్కి తిరిగొచ్చి మళ్లీ హరికేన్ అయింది. మనిషి ఒకడే, చిరునామా మారిందంతే! టోర్నడో మాత్రం వీటి జాతి కాదు. అది ఉరుముల మేఘం నుంచి నేలకు దిగే సుడిగాలి. ఆయుష్షు సాధారణంగా నిమిషాలే. తుపానుది రోజుల లెక్క.

ఇక కొలతలు. మన వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 62 అయితే తుపాను. అప్పుడే దానికి పేరు పెడతారు. హరికేన్, టైఫూన్ అనిపించుకోవాలంటే మాత్రం 119 ఉండాలి. 2014లో విశాఖను వణికించిన హుద్‌హుద్ అట్లాంటిక్‌లో పుట్టి ఉంటే దాన్ని హరికేన్ అనే పిలిచేవారు.

గమనించారా, ఇవన్నీ గాలి లెక్కలే. సముద్రానికి సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, నల్లమల చాటున ఉన్న నంద్యాల, ఆళ్లగడ్డలకు ఉప్పెన భయం లేదు. మనల్ని ముంచేది వాన. అందుకే ‘తుపాను బలహీనపడి వాయుగుండంగా మారింది’ అని వినగానే హమ్మయ్య అనుకుంటే పొరపాటు. బలహీనపడింది గాలే!

2017లో టెక్సాస్ తీరం దాటిన హార్వీ మర్నాటికే హరికేన్ హోదా కోల్పోయింది. అయినా అక్కడే తచ్చాడుతూ కొన్నిచోట్ల 150 సెంటీమీటర్లకు పైగా వాన కురిపించి హ్యూస్టన్‌ను ముంచింది. అంత దూరం ఎందుకు? 2009 అక్టోబరులో కర్నూలు నగరం మునిగినప్పుడు పేరున్న తుపాను ఏదీ లేదు. 2019 సెప్టెంబరులో మహానంది ఆలయంలోకి వరద నీరు చేరినప్పుడూ లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది ఎక్కడో కోస్తాలో. భారీ వానలు నంద్యాల జిల్లాలోనూ కురిశాయి.

కాబట్టి ఈసారి వార్తల్లో తుపాను పేరు, గాలి వేగంతో పాటు వాన అంచనా కూడా చూడండి. 24 గంటల్లో 6.5 సెంటీమీటర్లు దాటితే భారీ వర్షం, 11.5 దాటితే అతి భారీ, 20 దాటితే అత్యంత భారీ. ఊళ్లో చినుకు లేకపోయినా నల్లమలలో కురిసిన నీళ్లు వాగుల్లో దిగి వస్తాయి. వక్కిలేరుకూ కుందూకూ తుపాను పేరుతో పనిలేదు. కళ్లంలో మొక్కజొన్న ఉంటే తీరం దాటేదాకా ఆగకుండా ముందే పట్ట కప్పండి. రోడ్డు మీద వాగు పారుతుంటే బండి ఆపండి. ‘బలహీనపడిందంట కదా’ అంటే వాగు వినదు!