చెప్పుకోలేని బరువు

ఆ రోజు గ్యాస్ బండ మార్చాల్సొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. నిండు బండంటే దాదాపు 30 కిలోలు. రెండు చేతులా ఎత్తి గడప దాటించిందో లేదో... కింద ఏదో జారినట్టయింది. లోపలి నుంచి ఓ ఉండ బయటికి నెట్టుకొచ్చినట్టు! పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదల్లేక గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

సాయంత్రం స్నానం చేస్తున్నప్పుడు చేతికి తగిలింది. మెత్తగా, గుండ్రంగా... నిన్నటిదాకా అక్కడ లేనిది. పడుకుంటే మాయమైంది. మర్నాడు ఇంటెడు చాకిరీ చేసేసరికి పొద్దుగూకే వేళకు మళ్లీ వచ్చింది.

ఆమె పేరుతో పనిలేదు. వయసు 48. ఊరు తెనాలి దగ్గర. భర్తకు ఎరువుల కొట్టు. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, కూతురికి పెళ్లయి ఏడాదిన్నర. ఏ లోటూ లేని సంసారమని చుట్టుపక్కల వాళ్లనుకుంటారు. అలాంటి మనిషి రెండేళ్లపాటు ఈ సంగతి ఒక్కరికీ చెప్పలేదు. అది క్యాన్సరనే అనుకుంది. ‘ఉన్నన్నాళ్లు ఉంటాను, పిల్ల పెళ్లి చూశాను చాలు’ అని తనలో తనే లెక్కలు వేసుకుంది.

ఈ రెండేళ్లలో ఒక్కొక్కటీ మానేసింది. మొదట పొద్దుటి నడక. తర్వాత బస్సు ప్రయాణాలు. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడుతుంటే పెళ్లిళ్లకు, పేరంటాలకు మోకాళ్ల నొప్పుల వంక పెట్టింది. అదే వంకతో పడక కూడా ముందుగదిలోకి మార్చుకుంది. ‘ఏంటే, నా మీద కోపమా?’ అని ఆయన ఒకటి రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. ఏం చెబుతుంది? ముప్ఫై ఏళ్లుగా కాపురం చేస్తున్న మనిషితో కూడా మాట్లాడటానికి నోరు రాని చోట వచ్చింది ఆ జబ్బు.

విషయం కూతురి వల్ల బయటపడింది. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకొచ్చారు. బీరువాలో దుప్పట్ల కోసం వెతుకుతుంటే అడుగున ప్యాడ్ల పొట్లాలు కనబడ్డాయి. ‘ముట్టు ఆగిపోయి ఏడాది దాటిందన్నావు కదా. నీకు ఇవెందుకమ్మా?’ అందా అమ్మాయి. తల్లి ముందు కసిరింది. తర్వాత ఏడ్చింది. చివరికి అసలు భయం బయటపెట్టింది. ‘రేపు నీ పురుడు నేనెలా పొయ్యాలే? నీళ్ల బకెట్టు ఎత్తలేకపోతున్నాను...’

వారం తిరక్కుండా ఇద్దరూ గుంటూరులో డాక్టరమ్మ దగ్గరున్నారు.

బల్ల మీద పడుకోబెట్టి ఓసారి దగ్గమన్నారు, ఓసారి ముక్కమన్నారు. పరీక్షకు పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. ‘గర్భసంచి జారిందమ్మా, రెండో దశలో ఉంది. ముందువైపు మూత్రాశయం కూడా కొంచెం దిగింది.’ ఆమె అడిగింది ఒకటే మాట. ‘క్యాన్సరా?’ కాదన్నారు. పరీక్షకు ముక్క తీయాల్సిన పుండుగానీ, అనుమానించాల్సిన గడ్డగానీ ఏమీ లేదన్నారు. రెండేళ్లుగా రోజూ చచ్చి బతికిన మనిషికి ఆ మాట వినగానే సంతోషం రాలేదు, ఒళ్లు మండిపోయింది. తన మీద తనకే!

నులక వదులైన మంచం

అసలు జరిగిందేమిటి? మన కటి ఎముకల గూడును నులక మంచం అనుకుందాం. ఎముకలు పట్టెలు, కోళ్లూ. అడుగున ఈ పట్టె నుంచి ఆ పట్టెకు అల్లుకున్న కండరాలు నులక. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం... ఈ మూడూ దాని మీద ఆనుకుని ఉంటాయి. వీటిని పక్కల నుంచి పట్టి ఉంచే తాళ్లలాంటి కణజాలం వేరే ఉంది. నులక వదులైతే పడుకున్నవాళ్ల నడుము కిందికి దిగినట్టు, ఇక్కడా ఏదో ఒకటి దిగుతుంది. కొందరిలో ముందున్న మూత్రాశయం, కొందరిలో గర్భసంచి, ఇంకొందరిలో వెనకున్న పేగు యోని గోడను నెట్టుకుని కిందికొస్తాయి. గర్భసంచి తీయించుకున్నవాళ్లలో మిగిలిన పైభాగం జారొచ్చు. ఎంత దిగిందన్నదాన్ని బట్టి నాలుగు దశలుగా చెబుతారు.

కాన్పు ఎప్పుడో అయిపోతే జారడం ఇప్పుడేమిటి? చాలామంది అడిగే ప్రశ్న ఇదే. దెబ్బ తగిలేది అప్పుడే. బిడ్డ బయటికొచ్చేటప్పుడు ఆ కండరాలు విపరీతంగా సాగుతాయి, ఒక్కోసారి ఎముక దగ్గర చిరుగుతాయి. వయసులో ఉన్నప్పుడు మిగతా కండరాలూ కణజాలమూ ఆ లోటును కప్పేస్తాయి. ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గి కణజాలం పలచబడుతుంది. వయసు మీదపడుతుంది. తగ్గని దగ్గు, మలబద్ధకం, బరువులు ఎత్తడం, స్థూలకాయం... ఇవన్నీ రోజూ పైనుంచి ఒత్తుతుంటాయి. ఇరవై ఏళ్ల క్రితం తెగిన పోగు ఓ రోజు గ్యాస్ బండ ఎత్తినప్పుడు తెలిసొస్తుంది.

ఈమె సంగతే చూడండి. మొదటి కాన్పులో కొడుకు నాలుగు కిలోలున్నాడు. పట్టకార్లు వేసి తీశారు. రెండేళ్లు తిరక్కుండానే కూతురు. మూడో నెల వెళ్లగానే అత్తారింటికి చేరి, వీధి చివర బోరింగు నుంచి బిందెలు మోసింది. సంకలో బిడ్డ, చేతిలో బిందె. అప్పట్లో ఆ వీధిలో అందరూ చేసిందే తనూ చేసింది.

మన పురుళ్లలో బాలింతకు విశ్రాంతి ఇచ్చే పద్ధతి మంచిదే. ‘నీళ్లెక్కువ తాగితే పొట్టొస్తుంది’ అని గొంతు తడిపి వదిలేయడమే మంచిది కాదు. నీళ్లు చాలక విరేచనం గట్టిపడుతుంది. పచ్చి కండరాల మీద ముక్కడం మొదలవుతుంది. నడికట్టు ఎంత బిగించినా లోపలి నులక బిగుసుకోదు. దాన్ని లోపల్నుంచే బిగించాలి.

‘తీయించేసుకో వదినా’

సంగతి తెలియగానే ఆడపడుచు ఫోన్ చేసింది. ‘పిల్లలు పుట్టేశారు, ఇంకా దాంతో పనేముంది? తీయించేసుకో వదినా, పీడాపోతుంది.’ ఈ మాట తెలుగునాట కొత్త కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

కొందరికి ఆ ఆపరేషన్ తప్పదు, చేయించుకుని సుఖపడినవాళ్లూ ఉన్నారు. కానీ గర్భసంచి జారడానికి తప్పు గర్భసంచిది కాదు కదా! నులక వదులైందని పడుకున్నవాణ్ని లేపి పంపేస్తే మంచం బాగుపడుతుందా? తీసేసినా సరే, మిగిలిన భాగాన్ని పైకి లాగి గట్టిచోట కుట్టాలి. లేకపోతే అది మళ్లీ దిగొచ్చు. గర్భసంచిని ఉంచుతూనే పైకి లాగి కట్టే ఆపరేషన్లూ ఉన్నాయి. అలాంటి పద్ధతుల్లో కొన్నింటికి ముంబై డాక్టర్లు శిరోద్కర్, పురందరేల పేర్లే ఉన్నాయి. జారుడు కోసం యోని ద్వారా అమర్చే ప్లాస్టిక్ వలలు మాత్రం కొన్నాళ్లు బాగా చలామణీ అయ్యాయి. తర్వాత ఇబ్బందులు బయటపడటంతో 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాటి అమ్మకాలు ఆపించింది. కాబట్టి ఆపరేషన్ అనగానే ఏ ఆపరేషన్, ఎందుకు, మళ్లీ జారే అవకాశం ఎంత అని అడగాలి. అడిగితే విసుక్కునే చోట చేయించుకోకపోవడమే మేలు.

ఈమె డాక్టరు ఆపరేషన్ మాట చివరికి పెట్టారు. ముందు రింగు, వ్యాయామం అన్నారు. రింగును వైద్యులు పెసరీ అంటారు. మెత్తటి సిలికాన్‌తో చేస్తారు. యోనిలో అమరిస్తే జారే భాగాన్ని పైకి పట్టి ఉంచుతుంది. ఆలోచన కొత్తదేం కాదు. హిపోక్రటీస్ కాలంలో గ్రీకులు సగానికి కోసిన దానిమ్మకాయను వాడేవారట! అంతకన్నా ఘోరం... ఆడమనిషిని నిచ్చెనకు తలకిందులుగా కట్టి కుదిపేవారు కూడా. ఆ లెక్కన సిలికాన్ రింగు ఎంతో నయం.

నయమేగానీ, మొదటి రింగు మూడో రోజే స్నానాల గదిలో జారి పడిపోయింది. ‘ఇదీ నాకు అచ్చిరాలేదు’ అని ఆమె మళ్లీ ముందుగదిలో ముసుగు తన్నింది. చెప్పులకు సైజు ఉన్నట్టే దీనికీ ఉంటుందని, ఒకటి రెండుసార్లు మార్చి చూడాల్సి రావడం మామూలేనని ఆమెకెవరూ చెప్పలేదు. రెండో సైజు కుదిరింది. పెట్టుకుని నడవొచ్చు, వంగొచ్చు. తీసి శుభ్రం చేసుకోవడం నేర్చుకుంటే సొంతంగానే చూసుకోవచ్చు, లేదంటే డాక్టరు చెప్పిన గడువుకు వెళ్లి చూపించుకోవాలి. మరచిపోయి ఏళ్ల తరబడి ఉంచేస్తే మాత్రం లోపల పుళ్లు పడతాయి. రక్తం కనబడినా, దుర్వాసన వచ్చినా, మూత్రం బిగుసుకుపోయినా గడువు చూసుకోకుండా పరుగెత్తాల్సిందే. దాంపత్యానికి రింగు అడ్డమా అని ఆమె అడగలేదు. డాక్టరే చెప్పారు, చాలా రకాలు అడ్డం కావని.

ఇక వ్యాయామం. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో రాసినప్పటి నుంచి దీనికి ఆయన పేరే స్థిరపడింది. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ ఆపుకోవడానికి ఎలా బిగబడతామో, అలా కింది కండరాలను లోపలికీ పైకీ లాగాలి. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు. ఊపిరి బిగపట్టకూడదు. అయిదు నుంచి పది అంకెలు లెక్కపెట్టేదాకా ఆపి, అంతసేపూ వదలాలి. అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. చాలామంది పైకి లాగడానికి బదులు కిందికి ముక్కుతారు. దానివల్ల మేలుకు బదులు కీడే. అందుకే మొదట్లో ఒక్కసారైనా డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించుకోవాలి. జారుడు ఉన్న 447 మంది మహిళలతో చేసిన అధ్యయనం 2014లో లాన్సెట్‌లో వచ్చింది. ఒక్కొక్కరికీ విడివిడిగా నేర్పించి చేయించినవాళ్లలో ఇబ్బందులు బాగా తగ్గాయి. పూర్తిగా దిగిపోయినదాన్ని వ్యాయామం వెనక్కి పంపదు. రెండో దశలో మాత్రం రోజు ఎలా గడుస్తుందన్నది మారిపోతుంది. అదీ నెలలు పడుతుంది. ఈమెకు నాలుగో నెలలోగానీ తేడా తెలియలేదు. మధ్యలో మానేసిన వారాలూ ఉన్నాయి.

ఇన్నేళ్లూ ఎందుకు నోరు విప్పలేదని ఇప్పుడందరూ ఆమెనే అడుగుతున్నారు. గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్, అభయ్ బంగ్ రెండు పల్లెల్లో 650 మంది మహిళలను పరీక్షించి 1989లో ఓ పత్రం ప్రచురించారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు దానికోసం ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతం. ఆ పల్లెల్లో ఆడవాళ్లు చెప్పలేదు సరే, అడిగినవాళ్లు మాత్రం ఎవరని? నేపాల్‌లోనైతే సమస్య ఎంత పెద్దదంటే, అది మహిళల పునరుత్పత్తి హక్కుల ఉల్లంఘనేనని 2008లో అక్కడి సుప్రీంకోర్టే తేల్చిచెప్పింది.

భర్తకు కూతురే చెప్పింది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘కోపమనుకున్నానే’ అన్నాడు, అంతే. మర్నాడు కొట్టుకు వెళ్తూ గ్యాస్ ఏజెన్సీ కుర్రాడికి ఫోన్ చేసి, బండ వంటింట్లో పెట్టి బిగించి వెళ్లాలని గట్టిగా చెప్పాడు. మోకాళ్ల నొప్పుల సంగతి మళ్లీ ఎత్తలేదు.

కూతురికి ఆడపిల్ల పుట్టింది. పురుడు అమ్మమ్మే పోసింది, కాకపోతే తన పద్ధతిలో. తాతగారు బకెట్లు సగానికి నింపి పెడతారు, ఆమె చెంబుతో పోస్తుంది. బాలింత మంచం పక్కన మంచినీళ్ల చెంబు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. చూడొచ్చిన ముసలావిడ ‘అన్ని నీళ్లా!’ అని బుగ్గలు నొక్కుకుంటే నవ్వి ఊరుకుంటుంది. పసిదానికి పాలిచ్చేటప్పుడు తల్లీకూతుళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని అంకెలు లెక్కపెడతారు. ‘ఏడు... ఎనిమిది... ఊపిరి బిగబట్టకే... తొమ్మిది... ఆఁ, వదులు.’