పాత కారు, కొత్త బేరం

మా భీమ్‌గల్ వైపు పసుపు కొనే బేరగాడెవడూ కొమ్మును పైపైన చూసి ధర చెప్పడు. వుడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టిన తరువాత ఏ కొమ్మయినా మిలమిల మెరుస్తూనే వుంటుంది. అందుచేత అతడు ఒక కొమ్ము తీసి ఫటుక్కున విరుస్తాడు. లోపలి రంగు చూస్తాడు, విరిగిన చప్పుడు వింటాడు, తడి వుందేమో గోటితో నొక్కి చూస్తాడు. ఆ తరువాతే నోరు విప్పుతాడు. ఇంత పరీక్షకు నిలిచి పంట అమ్ముకునే మనవాళ్లే, ఆ డబ్బు జేబులో పెట్టుకుని పాత కారు కొనడానికి వెళ్లినప్పుడు మాత్రం రంగు చూసి మురిసిపోతారు. ఈ వింత ఏమిటో నాకు బోధపడదు.

పాత కార్ల మోజు మనకొక్కరికే వున్నదనుకోకండి. అమెరికాలో ‘మజిల్ కార్లు’ అనే జాతి ఒకటి వుంది. కండబలం కార్లన్నమాట. మధ్యరకం కారులో పేద్ద ఇంజను బిగించి అమ్మేవారు. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీవో ఇంజను 6 లీటర్ల పైచిలుకు. బలం 325 గుర్రాలు. 1973లో చమురు కరువు వచ్చేసరికి ఆ కండలు కరిగిపోయాయి. ఇవాళ అక్కడ వాటికి బంగారం ధర పలుకుతున్నది గనుక మోసమూ దానివెంటే వచ్చింది. మామూలు లెమాన్స్ కారుకు జీటీవో బిళ్లలు అతికించి అమ్మేవారున్నారు. కాబట్టి అక్కడి కొనుగోలుదారు మొట్టమొదట చూసేది రంగూ కాదు, వేగమూ కాదు. కారు మీది నంబరూ ఇంజను మీది నంబరూ ఒకదానికొకటి పొసగుతున్నాయా అని.

మనకు అంత కండలేదు. మన అంబాసిడర్ ఇంజను చాలాకాలం 1489 సి.సి.; బలం 50 గుర్రాలకు అటూ ఇటూ. అయితేనేం? కలకత్తా దగ్గర ఉత్తరపారాలో ఇంగ్లీషు మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో మొదలై, 2014 దాకా ఆ బండి తయారవుతూనే వచ్చింది. బొంబాయిలో ప్రీమియర్ వారు చేసిన ఫియట్ 1974లో పద్మిని అయింది. మద్రాసులో 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ తయారయింది. మన పెళ్లిళ్లూ, పురుళ్లూ, తీర్థయాత్రలూ ఈ మూడింటిలోనే జరిగాయి. అందుకే వాటిమీద మమకారం. మమకారం మంచిదే గాని, అది బేరానికి పనికిరాదు.

మా బావగారి సంగతి చెబుతాను. ఆయనది ఇక్కడికి దగ్గరి పల్లె. ఆ ఏడు పసుపు బాగా పండింది. తొమ్మిది నెలలు నేలలో వున్న పంట, ఆ పైన వుడకబెట్టడం, ఆరబెట్టడం. చేతికి వచ్చిన డబ్బులో చిన్నమ్మాయి నర్సింగు చదువుకు కొంత కట్టాలి. అటువంటి సమయంలో పొరుగూళ్లో తెల్లటి అంబాసిడర్ ఒకటి అమ్మకానికి వున్నదని తెలిసింది. ఇక ఆయన కాలు నిలవలేదు.

"గసొంటి బండిలనే గదనే మన పెండ్లి ఊరేగింపు అయ్యింది!" అన్నాడు మా అక్కతో.

"ఊరేగింపు ఒక్క రాత్రి అయ్యింది. గిప్పుడు రోజూ ఎవరు నూకుతరు?" అన్నది మా అక్క. నావైపు తిరిగి, "తమ్మీ, నువ్వు గూడ పో. మీ బావ బండిని చూస్తడు, నువ్వు బండి కిందికి చూడు" అన్నది.

పాత కారు కొనడం గురించి ఇంతకంటె మంచి సలహా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మేము వెళ్లాము. ఏమేం చూశామో వరుసగా చెబుతాను. ఎవరికైనా అక్కరకు రావచ్చు.

మొదట కాగితాలు. రిజిస్ట్రేషన్ పుస్తకంలో వున్న ఛాసిస్ నంబరూ ఇంజను నంబరూ బండి మీద వున్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. నంబరు మీద పలుచని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుంది. అచ్చులో అంకెలు ఎగుడుదిగుడుగా వున్నా, చుట్టూ ఆకురాయితో గీకిన జాడ వున్నా, అక్కడినుంచే నమస్కారం పెట్టి వచ్చేయండి. చాలా అంబాసిడర్లకు మధ్యలో డీజిలు ఇంజను బిగించారు. బిగించడం తప్పుకాదు, పుస్తకంలో ఎక్కించకపోవడం తప్పు. ఎక్కించని ఇంజనుతో బండి మీ పేరుకు మారదు.

సొంత కారు రిజిస్ట్రేషన్ మొదటి 15 ఏళ్లే చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి, అయిదేసి సంవత్సరాలకు పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో దీని రుసుము 600 రూపాయలనుంచి ఒక్కసారిగా 5000 అయింది గనుక, మీరు వెళ్లేనాటికి ఎంత వున్నదో కార్యాలయంలో ముందే కనుక్కోండి. గడువు ఎప్పుడు తీరుతుందో, అప్పు తాలూకు బ్యాంకు పేరు ఇంకా అందులో వుందేమో చూడండి. ఢిల్లీలో పాత బండ్లమీద ఆంక్షలు వచ్చినప్పటినుంచి అక్కడి కార్లు చవకగా ఇటు వస్తున్నాయి. అటువంటి బండికి ఆ రాష్ట్రపు రవాణాశాఖ ఇచ్చిన అనుమతి పత్రం, అంటే 28వ నంబరు ఫారం, లేకపోతే అది కారు కాదు, ఇనుము.

ఇంకొక భ్రమ వుంది. 50 ఏళ్లు దాటిన బండిని ‘వింటేజి’ కింద రిజిస్టరు చేసుకోవచ్చునని 2021లో నిబంధనలు వచ్చాయి. నిజమే. మొదటి రుసుము 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో ‘వి.ఎ.’ అనే అక్షరాలు వస్తాయి. కాని ఆ బండిని ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతుకూ తప్ప రోజువారీ ప్రయాణానికి వాడకూడదు. కార్తిక పౌర్ణమికి పిల్లలతో లింబాద్రిగుట్ట జాతరకు పోదామనుకునేవారు మామూలు రిజిస్ట్రేషన్ పొడిగించుకునే బండినే చూసుకోవాలి.

రెండవది తుప్పు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఇంజను పోతే బోరు తీయించి రింగులు మార్చుకోవచ్చు. తుప్పు అలా కాదు. అంబాసిడర్‌కూ ఫియట్‌కూ విడిగా చట్రం లేదు, బాడీయే చట్రం. తలుపుల కింద నిలువునా సాగే రేకు పట్టీలు కుళ్లితే బండి నడుము విరిగినట్టే. హెరాల్డ్‌కు మాత్రం వేరే చట్రం వుంది, పైరేకులు బోల్టులతో బిగించినవి. కాబట్టి దానికి కింది చట్రం చూడాలి. ఏ బండికైనా కాళ్లకింది చాపలు ఎత్తండి. డిక్కీలో స్పేరు చక్రం తీసి దాని గుంట చూడండి. వెనుక కమాను పట్టీలు బాడీకి తగిలే చోటు తడిమి చూడండి. ఒక చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి బండి చుట్టూ తిప్పండి. ఎక్కడ అది పట్టుకోకుండా జారుతుందో అక్కడ రేకు లేదు, పుట్టీ వుంది.

మేము చూసిన తెల్లబండికి కుడిపక్క రెండు తలుపుల కిందా అయస్కాంతం నిలవలేదు. బావగారి ముఖం కొంచెం చిన్నబోయింది.

మూడవది ఇంజను. చల్లని ఇంజనునే స్టార్టు చేయించాలి. మీరు వెళ్లేసరికి బోనెట్ వేడిగా వుంటే, ముందే వెచ్చచేసి పెట్టారన్నమాట; చల్లారేదాకా కూర్చుని టీ తాగండి, లేదా మరునాడు రండి. స్టార్టు చేయకముందే రేడియేటరు మూత తీసి చూడండి. నీటిపై నూనె తెట్టు వున్నా, నూనె పుల్ల తీస్తే మజ్జిగలా కనిపించినా, నీరూ నూనే లోపల కలుస్తున్నాయి. పొగ సంగతి: నీలంగా వస్తే నూనె కాలుతున్నది, నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువవుతున్నది, ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లగా వస్తూనే వుంటే నీరు చొరబడుతున్నది.

పెట్రోలు గురించి కూడా ఒక మాట. ఈ ఇంజనులు సీసం కలిపిన పెట్రోలుకు తయారైనవి. సీసం కవాటాల పీటలు అరగకుండా కాపాడేది. దేశమంతటా ఆ పెట్రోలు 2000లో ఆగిపోయింది. గట్టి లోహపు పీటలు వేయించారా అని అమ్మేవారిని అడగండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ వుంటున్నది. అది పాతకాలపు రబ్బరు గొట్టాలనూ కార్బొరేటరులోని వాషర్లనూ మెత్తబరుస్తుంది. గొట్టాన్ని వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే బండి కదలకముందే మార్పించాలి. పెట్రోలు కారి, వేడి ఇంజను మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. వైర్లూ అంతే. ఏళ్ల తరబడి పసుపు గోదాములో నిలిపిన బండి అయితే, ఎలుకలు వాటి పని అవి చేసే వుంటాయి.

నాలుగవది బ్రేకులు. బండి నిలిచి వుండగానే బ్రేకు పెడలు మీద కాలు గట్టిగా ఆనించి, నిదానంగా అరవై అంకెలు లెక్కపెట్టండి. పెడలు రాయిలా నిలవాలి. మెల్లగా దిగిపోతున్నదంటే లోపల ఎక్కడో కారుతున్నది. మా బావగారు అలా ఆనించారు. నేను లెక్కపెడుతున్నాను. ముప్పయి దాటకుండానే ఆయన కాలు నేలకు తగిలింది.

అమ్మేవాడు, "కొంచెం నూనె పోస్తే అయిపోతుంది సార్" అన్నాడు. బావగారు పలకలేదు. దిగి, తలుపు వేసి, కాసేపు ఆ తలుపుమీదే చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. ఆ బండిలో ముందుగా ఎక్కించుకోవాలనుకున్నది చిన్నమ్మాయిని. తరువాత, "నడువు పోదాం" అన్నారు. దారి పొడుగునా మేము మాట్లాడుకోలేదు.

నడిపి చూసేటప్పుడు స్టీరింగు ఆట ఎంత వుందో గమనించండి. చక్రం కొంత తిరిగినా బండి తిరగకపోతే కీళ్లు అరిగాయి. చదునైన రోడ్డుమీద ఒక క్షణం చేతులు వదులు చేస్తే బండి ఒక పక్కకు లాగకూడదు. గేరు ప్రతిదీ వేయాలి, రివర్సుతో సహా. ఎత్తు ఎక్కించి చూడాలి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు వుంటుంది: మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. గాడి లోతుగా వున్నంత మాత్రాన టైరు కొత్తదని కాదు. పడివున్న రబ్బరు గట్టిపడి పగులుతుంది.

విడిభాగాల సంగతి ముందే ఆలోచించాలి. అంబాసిడర్‌కు ఇంకా దొరుకుతాయి. పద్మినికి వెదకాలి. హెరాల్డ్ అయితే మద్రాసు పుదుపేట, కలకత్తా మల్లిక్ బజారు వంటి చోట్ల గాలించే ఓపిక వుండాలి. అన్నిటికంటె మీ వూళ్లో కార్బొరేటరు విప్పగలిగిన మెకానిక్ వున్నాడా? వుంటే బేరానికి అతన్నే తీసుకువెళ్లండి. ఇచ్చే కూలి దండుగ కాదు.

ఇక ఇల్లాలి లెక్క. నా మాట వింటే, అనుకున్న డబ్బునంతా బండికి పెట్టకండి. మూడోవంతు పక్కన వుంచండి. మొదటి ఏడాదిలోనే అది ఖర్చవుతుంది. పిల్లల చదువుకు కట్టవలసింది ఆ మూడోవంతులో లెక్కవేయకూడదు సుమా. మా అక్క ఆ విషయంలో నిక్కచ్చి. ముందు అమ్మాయి ఫీజు కట్టించింది, రసీదు బీరువాలో పెట్టింది, ఆ తరువాతే కార్ల మాట ఎత్తనిచ్చింది.

మరుసటి యేడు వాళ్లు ఒక అంబాసిడర్ కొన్నారు. రంగు వెలిసింది, సీటు చిరిగింది, చూపులకు ఏమీ బాగుండదు. కాని మొదటినుంచీ ఒకే ఆసామీ చేతిలో వున్నది. ఏనాడు నూనె మార్చారో, ఏ చక్రం ఎప్పుడు విప్పారో ఒక నోటుపుస్తకంలో ఆయన రాసి పెట్టుకున్నాడు. రేకు రేకులాగే వుంది. బ్రేకు పెడలు అరవై దాటినా కదలలేదు. తెల్లబండికన్నా ధర తక్కువ కూడాను.

కొన్నాక ఒక్క పని మిగిలివుంటుంది. దాన్ని వాయిదా వేయకండి. 29, 30 నంబర్ల ఫారాలమీద అమ్మినవాడి చేత సంతకాలు పెట్టించుకుని, పేరు మార్పిడికి ఇవ్వాలి. బండి మన రాష్ట్రానిదే అయితే అమ్మినవాడు 14 రోజుల్లోగా తెలపాలి, కొన్నవాడు 30 రోజుల్లోగా దాఖలు చేయాలి. భీమా కూడా మీ పేరుకు మారాలి. మారకముందు రోడ్డుమీద ఏదైనా జరిగితే అమ్మినవాడూ చిక్కుల్లో పడతాడు, మీరూ పడతారు. అంతవరకు ముహూర్తాలూ, కొబ్బరికాయలూ ఆగుతాయి. తాళం చెవి ఇల్లాలి కొంగున వుంటే మరీ మంచిది.