ఇంటి మర లెక్క, బస్తాలో గోధుమ

జొన్న, రాగి, సజ్జ, కొర్ర వంటి గింజలను ఐదు కిలోలు, పది కిలోలుగా అడిగే కొనుగోలుదారును టోకు వర్తకులు ఇంతవరకు పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. బస్తా కట్టు విప్పి, తూచి, సంచిలో పోసే శ్రమకు తగిన లాభం ఉండదని, అది చిల్లర కొట్ల బేరమని బజారులో వాడుక. పిండి పొట్లాల మీద మిగిలేదే ఎక్కువ కనుక కిరాణా వర్తకులు కూడా గింజను వెనక్కి నెట్టి పొట్లాలను ముందు వరుసలో పెట్టుకున్నారు. కాని ఇంట్లోనే పిండి పట్టుకునే చిన్న మరలు వచ్చిన తరువాత గింజ కోసం తిరిగి కొట్టుకు వచ్చే కొనుగోలుదారులలో ఒక వర్గం ఉన్నది. ఆ వర్గం చిన్నదే అయినా బేరం మాత్రం నికరమైనది. దానిని నిలబెట్టుకోవడం, పోగొట్టుకోవడం వర్తకుని గోనెసంచి మీద ఆధారపడి ఉన్నది.

ముందుగా లెక్క చూడవలసి ఉంటుంది. ఇంట్లో మర పెట్టుకుంటే అందరికీ ఆదా అవుతుందన్న మాట నిజం కాదు.

ఉదాహరణకు జొన్నలు చిల్లరలో కిలో 55 రూపాయలు, పొట్లంలో జొన్నపిండి కిలో 90 రూపాయలు అనుకుందాం. చెరిగి, జల్లించి, రాళ్ళు ఏరిన తరువాత నూటికి 4 వంతులు తరుగు పోతే గింజ ఖర్చు 57 రూపాయల 30 పైసలకు వస్తుంది. ఇంటి మరలకు సాధారణంగా ఒక హార్స్‌పవర్ మోటారు ఉంటుంది. అది గంట ఆడితే యూనిట్‌కు కొంచెం తక్కువ విద్యుత్తు కాలుతుంది. గంటకు 8 కిలోలు పట్టినా, యూనిట్ 8 రూపాయలు పడినా, కిలోకు రూపాయి మించదు. అంటే ఇంటి పిండి కిలో 58 రూపాయల 30 పైసలు. పొట్లం మీద 31 రూపాయల 70 పైసలు మిగులు. నెలకు 10 కిలోలు వాడే సంసారానికి 317 రూపాయలు.

చాలామంది ఇక్కడితో లెక్క ఆపేసి మర కొంటారు. మర ఖరీదు 16,000 రూపాయలు అనుకుంటే నూటికి 12 చొప్పున సాలుకు 1,920 రూపాయలు వడ్డీ, అనగా నెలకు 160. పదేళ్ళు పని చేస్తుందని తరుగుదల కట్టినా నెలకు మరో 133. రెండూ కలిపి 293. మిగిలింది నెలకు 24 రూపాయలు! అదే గింజను వీధి చివర పిండిమరలో కిలోకు 8 రూపాయలిచ్చి పట్టించుకుంటే, పెట్టుబడి ఏమీ లేకుండా నెలకు 247 రూపాయలు మిగులుతుంది. మామూలు సంసారానికి గిర్నీవాడే మేలు. అక్కడ నాలుగు కబుర్లు కూడా దొరుకుతాయి.

ఇంటి మర నిజంగా డబ్బు మిగిల్చేది గిర్నీకి వెళ్ళడానికి వీలులేని వారికి. గోధుమ ఒంటికి పడని వారు వీరు. గోధుమ, బార్లీ, రై గింజలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. సీలియాక్ అనే జబ్బు ఉన్నవారికి అది ఏ కొద్దిగా తగిలినా చిన్నప్రేగు లోపలి పొర దెబ్బతింటుంది. గ్లూటెన్ లేని తిండి జన్మంతా తినడం తప్ప దీనికి మరో చికిత్స లేదు. 1944-45 చలికాలంలో హాలండులో రొట్టె దొరకని కరువు రోజులలో ఈ జబ్బు పిల్లల స్థితిగతులను గమనించిన వైద్యుడు విల్లెం డికె, 1950లో తన పరిశోధన గ్రంథంలో గోధుమే దీనికి కారణమని చూపించారు. మన దేశంలో గోధుమ ప్రధానంగా తినే ఉత్తరాదిన ఈ జబ్బు ఎక్కువ, దక్షిణాదిన తక్కువ. తక్కువైనంత మాత్రాన ఆ ఇంటివారి అవస్థ తక్కువ కాదు.

గోధుమ పట్టిన రాళ్ళలోనే జొన్న పట్టే గిర్నీ వీరికి పనికిరాదు. ముందు పట్టిన గోధుమపిండి రాళ్ళ సందుల్లో, తొట్టిలో, గాలిలో కూడా ఉంటుంది. కనుక గ్లూటెన్ లేదని పరీక్ష చేయించి, అచ్చు వేసి అమ్మే పొట్లమే కొనవలసి వస్తుంది. అది కిలో 160 రూపాయలు అనుకుంటే ఇంటి పిండి మీద నెలకు 1,017 రూపాయలు తేడా. వడ్డీ, తరుగుదల 293 పోయినా 724 మిగులుతుంది. సాలుకు 8,688. వడ్డీ మినహా మిగిలినదంతా అసలుకు జమ కట్టుకుంటూ పోతే 19 నెలలలో మర ఖరీదు తీరిపోతుంది. ధరలు ఊరికొకటి, నెలకొకటి కనుక ఎవరి అంకెలు వారు వేసుకోవచ్చు. లెక్క పోకడ మాత్రం మారదు.

అయితే ఆ మరలో ఇంట్లో మిగతావారి చపాతీలకు గోధుమ పట్టకూడదు. గోధుమ పట్టిన పాత మరను చవకగా దొరికిందని కొనకూడదు. ఈ రెండూ ఇంటివారి జాగ్రత్తలు. మూడవది మాత్రం వర్తకుని చేతిలో ఉన్నది.

గ్లూటెన్ లేని ఆహారమని చెప్పడానికి మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదు. దీన్ని బజారు లెక్కలోకి మార్చి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక గోధుమ గింజ సుమారు 40 మిల్లీగ్రాములు తూగుతుంది. అందులో దాదాపు పదో వంతు గ్లూటెన్. కిలో జొన్నలలో ఐదారు గోధుమ గింజలుంటే చాలు, పిండి ఆ హద్దుకు చేరుతుంది. క్వింటాలుకు లెక్క వేస్తే పాతిక గ్రాములు. గుప్పెడు కూడా కాదు. బస్తాకు గుప్పెడు అన్యధాన్యాన్ని యార్డులో ఎవరూ పట్టించుకోరు. దళారీ బొరిగె గుచ్చి తీసిన నమూనాలో ఒక గోధుమ గింజ కనబడితే దాన్ని గోటితో పక్కకు నెట్టి బేరం కానిస్తారు. మామూలు కొనుగోలుదారు విషయంలో అది తప్పు కూడా కాదు. ఈ కొనుగోలుదారు విషయంలో ఆ ఐదు గింజలే ఒక పసివాడి కడుపునొప్పి.

ఈ గోధుమ ఎక్కడ కలుస్తున్నది? మన చేలలో కలిసే అవకాశం తక్కువ. పాలమూరు, కర్నూలు, నంద్యాల ప్రాంతాల జొన్న, కొర్ర చేల దగ్గర గోధుమ చేలు అరుదు. విజయనగరం, విశాఖ మన్యం చోళ్ళకు, రాయలసీమ రాగులకు, తెలంగాణ తైదలకు కూడా గోధుమతో పొత్తు లేదు. ఉత్తరాది రాష్ట్రాల గింజకు లేని సౌలభ్యమిది. గోధుమ పండే మహారాష్ట్ర ప్రాంతాల నుంచి వచ్చే జొన్న విషయంలో మాత్రం అడిగి తెలుసుకోవలసి ఉంటుంది. ఇక్కడి సరుకులో గోధుమ కలిసేది కళ్ళం దాటిన తరువాతే. గోధుమలు దింపుకున్న గోనెసంచులు దులిపి మళ్ళీ జొన్నకు కట్టడం, ఒకే జల్లెడలో రెండూ జల్లించడం, కొట్టులో ఒకే డబ్బాతో అన్నీ తోడడం, గోదాము నేల ఊడ్చిన గింజను ఏదో ఒక బస్తాలో పోయడం, ఇవీ దారులు. చేనులో శుభ్రంగా పుట్టిన సరుకు మన చేతుల్లోనే చెడుతున్నది.

దీనికి కొత్త పెట్టుబడి అక్కరలేదు. కొత్త సంచి, వేరే జల్లెడ, వేరే డబ్బా, గోధుమ బస్తాలకు ఎడంగా ఒక మూల చాలు. యార్డులో కొన్న బస్తాను విప్పకుండా ఆ మూలకు చేర్చి, అడిగినవారికి ఎదుటనే విప్పి తూచి ఇస్తే, కిలోకు ఐదు రూపాయలు ఎక్కువ అడిగినా కొనేవారు ఉంటారు. పై లెక్కలో గింజ 60 రూపాయలు చేస్తే ఆ ఇంటికి నెలకు 52 రూపాయలు భారం, ఇంకా 672 రూపాయలు మిగులు. వర్తకునికి మాత్రం క్వింటాలుకు 500 రూపాయలు అదనం. జొన్న బేరంలో క్వింటాలుకు పాతిక, యాభై కోసం రోజంతా గీచి గీచి బేరమాడేవారికి దీని విలువ వేరే చెప్పనవసరం లేదు.

ఒక హెచ్చరిక అవసరం. పరీక్ష చేయించకుండా సంచి మీద గ్లూటెన్ లేనిదని అచ్చు వేయరాదు. అది చట్టానికి సంబంధించిన మాట. కొత్త సంచిలో, గోధుమకు దూరంగా ఉంచిన సరుకని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మిగతాది ఇంటివారు పళ్ళెంలో పోసి ఏరుకుంటారు. జొన్నలో గోధుమ గింజను కన్ను పట్టగలదు, పిండిలో పట్టలేదు. వారు పిండి వదిలి గింజ కోసం రావడానికి ధరతోపాటు ఇదీ కారణం.

పన్ను సంగతి కూడా గుర్తుంచుకోవలసి ఉన్నది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల లోపు ముందుగా కట్టి, చీటీ అంటించిన ధాన్యాలు, పిండ్ల మీద నూటికి 5 చొప్పున జి.ఎస్.టి. వచ్చింది. అప్పటికప్పుడు విడిగా తూచి ఇచ్చే సరుకును దీని నుంచి మినహాయించారు. పొట్లం కట్టి ముద్ర వేసే ఉత్సాహంలో కొందరు ఈ తేడాను మరచిపోతున్నారు.

గింజ నిలవలో మరో సుఖం ఉన్నది. సజ్జపిండి కొద్ది రోజులకే చేదెక్కుతుంది, ఆ గింజలోని నూనె అటువంటిది. పాత జొన్నపిండితో రొట్టె తడితే అంచులు పగులుతాయి. సాగే గుణం లేని పిండి కనుకనే ఉడుకునీళ్ళతో కలుపుతారు, అదీ తాజాగా ఉంటేనే మాట వింటుంది. రాగిపిండి కొంత ఓర్చుకుంటుంది. తేదీ దాటిన పిండి పొట్లాలు కొట్టులోనే పురుగు పట్టి నష్టం తెస్తాయి. ఆరిన గింజ అదే కొట్టులో నెలల తరబడి కదలకుండా కూర్చుంటుంది. పొట్లం మీద లాభం ఎక్కువని చెప్పేవారు వాపసు వచ్చిన పొట్లాలను కూడా ఖాతాలో రాస్తే అసలు సంగతి తేలుతుంది.

శనగపిండి సంగతి వేరు. శనగలో గ్లూటెన్ లేదు, బఠాణీలోనూ లేదు. కాని 2023 డిసెంబరులో పసుపు బఠాణీ దిగుమతికి సుంకం ఎత్తివేసిన తరువాత చవక సరుకు రేవులకు దండిగా దిగింది. శనగకు, బఠాణీకి ధరలో ఎడం పెరిగినప్పుడల్లా శనగపిండిలో బఠాణీ కలపాలన్న ఆశ పుడుతుంది. ఇక్కడ పోయేది ఆరోగ్యం కాదు, డబ్బు. ఇంట్లో శనగపప్పు పట్టుకునేవారికి ఆ బెడద లేదు, కాకపోతే పప్పు గట్టిది కనుక కొంచెం వేడిచేసి పట్టాలి. ఇక ఇంగువ. బజారులో దొరికే కూటు ఇంగువలో చాలావాటికి గోధుమపిండి ఆధారం. ఇంత జాగ్రత్తగా పట్టిన జొన్నరొట్టె పక్కన పప్పులో చిటికెడు ఇంగువ పడితే శ్రమంతా వృథా. బియ్యప్పిండితో చేసిన ఇంగువ కావాలని అడిగేవారిని వింతగా చూడవలసిన పని లేదు.

గోధుమ అందరికీ విషమన్నట్టు ప్రచారం చేసి చిరుధాన్యాలు అమ్మడం కూడా ఈమధ్య చూస్తున్నదే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన సందడిలో ఈ ధోరణి ముదిరింది. ఆరోగ్యవంతునికి గోధుమ వల్ల భయం లేదు. ఇడ్లీ, పెసరట్టు, సంగటి, జొన్నరొట్టె తినే మన ఇళ్ళకు గోధుమ లేని తిండి ఎవరూ నేర్పనక్కరలేదు. భయం మీద కట్టిన గిరాకీ రెండు సీజన్లకు మించి నిలవదు. ఆ గిరాకీని నమ్మి సరుకు నింపుకున్నవారు ధర మందగించగానే తొందరపడి అమ్ముకోవలసి వస్తుంది.

గింజ ధర కూడా వెనకటిలా లేదు. రాగులకు 2014-15లో క్వింటాలుకు రూ. 1,550 ఉన్న కనీస మద్దతు ధర 2025-26కు రూ. 4,886 అయింది. సంకర జొన్నకు రూ. 1,530 నుంచి రూ. 3,699 అయింది. ఈ స్థాయిలో సరుకు కొన్న వర్తకుడు దానిని పాత గోధుమ సంచిలో పోసి మామూలు సరుకుగా అమ్ముకోవడం చేతిలోని రూపాయిని నేల మీద వేయడమే. కొత్త గోనె ఖర్చును బస్తాలోని కిలోలకు పంచి చూస్తే, ఆ ఐదు రూపాయల అదనంలో దాని వంతు ఎంతో తెలుస్తుంది.